ముప్పై ఏళ్ల తర్వాత ఏం అమ్ముతారు?

(ప్రపంచ పర్యాటక దినోత్సవం సందర్భంగా విశాఖపట్నంలో ట్రావెల్ ఏజెంట్లు, హోటల్ యజమానులు, టూరిజం విద్యార్థుల సభలో చేసిన ఉపన్యాసం)



వెనక వరసల నుంచే మొదలుపెడతాను. మన రంగంలో ఏ సభ జరిగినా ముందు వరసల్లో యజమానులు, అధికారులు ఉంటారు. వెనక విద్యార్థులు, ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లయిన కుర్రాళ్లు, అమ్మాయిలు ఉంటారు. పొద్దున పర్యావరణం మీద ఒక ప్రసంగం, మధ్యాహ్నం యువత మీద ఇంకొకటి, మధ్యలో భోజనాలు. ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టే మాట్లాడుకుని ఇళ్లకు వెళ్తాం. నా దృష్టిలో ఆ రెండూ ఒకటే విషయం. ఇవాళ చెప్పదలుచుకున్నది కూడా అదే.

నాబోటివాళ్లం ఈ వృత్తిలో జుట్టు నెరిసినవాళ్లం. అరకు ఇంకో పదేళ్లలో పాడైపోయినా మాకొచ్చే నష్టం పెద్దగా లేదు. సంపాదించుకోవలసింది సంపాదించుకున్నాం. వెనక కూర్చున్న ఇరవై రెండేళ్ల అమ్మాయి సంగతి అలా కాదు. ఆమె ఇంకో ముప్పై ఏళ్లకు పైగా ఇదే వృత్తిలో బతకాలి. అప్పటికి అనంతగిరి లోయ, గోదావరి, ఈ సముద్రతీరం చూడదగ్గ స్థితిలో ఉంటేనే ఆమెకు అమ్ముకోవడానికి ఏదైనా మిగులుతుంది. సుస్థిర పర్యాటకం ఆమె జీతానికి సంబంధించిన విషయం. తన జీతం ఆధారపడిన నిర్ణయాల్లో ఆమె మాట వినపడకపోతే అవి సరైన నిర్ణయాలు ఎలా అవుతాయి?

ఈ ముడిని చాలాకాలంగా పట్టుకుని పనిచేస్తున్న సంస్థ ఒకటుంది. పసిఫిక్ ఆసియా ట్రావెల్ అసోసియేషన్, మన వాడుకలో 'పాటా'. 1951లో హవాయి దీవుల్లోని హోనలూలూలో పుట్టింది. పుట్టించినవాళ్లలో ముఖ్యుడు లోరిన్ థర్స్టన్ అనే పత్రికాధిపతి. రెండో ప్రపంచయుద్ధం ముగిసి అప్పటికి ఆరేళ్లే అయింది. పసిఫిక్ దేశాలకు యాత్రికులు రావాలంటే ఓడల కంపెనీలు, విమాన కంపెనీలు, హోటళ్లు, ప్రభుత్వాలు ఎవరికి వారు ప్రకటనలు ఇచ్చుకుంటే సరిపోదని, అందరూ ఒకచోట కూర్చోవాలని ఆయన భావించారు. నాకు ఈ సంస్థలో మొదటి నుంచీ నచ్చిన గుణం అదే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వ్యాపారంలో పోటీపడేవాళ్లు ఒక బల్ల చుట్టూ చేరి, తమ అందరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటని ఆలోచించడం చిన్న సంగతి కాదు.

మొదటి దశాబ్దాల్లో వాళ్ల దృష్టి అంతా యాత్రికుల సంఖ్య పెంచడం మీదే ఉండేది. అమెరికా వాణిజ్య శాఖతో కలిసి చేయించిన పెద్ద అధ్యయనం 1961లో చెక్కీ నివేదికగా వచ్చింది. పర్యాటకం వల్ల ఈ దేశాలకు ఎంత డబ్బు వస్తుందో, దానికోసం ఏమేం కట్టాలో అందులో రాశారు. ఆసియాలో ఎన్నో ప్రభుత్వాలు పర్యాటకాన్ని ఒక పరిశ్రమగా చూడడం మొదలుపెట్టిన కాలం అది. జెట్ విమానాలు వచ్చాయి, బీచ్‌ల వెంట హోటళ్లు లేచాయి. 1986లో సంస్థ పేరులోకి ఆసియా వచ్చింది. 1992లో పర్యావరణం పట్ల బాధ్యతతో మెలగడానికి సభ్యులకు ఒక నియమావళి తెచ్చారు. 1998లో ప్రధాన కార్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బ్యాంకాక్‌కు మారింది. యాత్రికులను పంపే ఊరి నుంచి, వాళ్లు వచ్చి దిగే ఊరికి వచ్చిందన్నమాట. చెత్త ఎక్కడ పేరుకుంటోందో, నీళ్లు ఎక్కడ తగ్గిపోతున్నాయో కిటికీలోంచి చూస్తే కనపడే చోట ఆఫీసు ఉండడం మంచిదే.

మన తెలుగు నేలకూ ఆ సంస్థతో పరిచయం ఉంది. 2008 సెప్టెంబరులో పాటా ట్రావెల్ మార్ట్ హైదరాబాదులోని అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్‌లో జరిగింది. దేశదేశాల నుంచి కొనేవాళ్లు, అమ్మేవాళ్లు వచ్చారు. 2023లో అదే మార్ట్ ఢిల్లీలో జరిగింది.

ఇక యువత విషయానికి వస్తాను. కాలేజీల్లో పాటాకు విద్యార్థి శాఖలున్నాయి. సంస్థ సమావేశాలు జరిగే ఊళ్లలో విద్యార్థుల కోసం యూత్ సింపోజియం ఏర్పాటు చేస్తారు. యువ ఉద్యోగుల్లో ప్రతిభావంతులకు 'ఫేస్ ఆఫ్ ది ఫ్యూచర్' అనే పురస్కారం ఇస్తారు. ఇంతవరకు చాలా సంస్థలు చేస్తాయి. శాలువా, జ్ఞాపిక, ఫొటో. పాటా ఇంకో అడుగు వేసింది. ఆ పురస్కారం పొందినవారిని తమ కార్యనిర్వాహక మండలిలో పరిశీలకులుగా కూర్చోబెట్టే పద్ధతి పెట్టింది. ఓటు ఉండదు, కుర్చీ ఉంటుంది. లెక్కలు ఎలా వేస్తారో, ఏ విషయంలో పెద్దలు మొహమాటపడి ఊరుకుంటారో దగ్గరుండి చూసే అవకాశం అది. అయినా నా ఉద్దేశంలో అది సగం దూరమే. ఓటు కూడా ఇవ్వాలి. ఎందుకివ్వాలో మూడు చోట్ల కథ చెబితే తెలుస్తుంది.

థాయిలాండ్‌లో ఫీఫీ దీవుల దగ్గర మాయా బే అనే చిన్న అఖాతం ఉంది. మూడు వైపులా సున్నపురాయి కొండలు, మధ్యలో తెల్లటి ఇసుక. 2000లో విడుదలైన 'ది బీచ్' సినిమాతో ప్రపంచమంతా తెలిసింది. ఆ తర్వాత రోజుకు వేల మంది రావడం మొదలైంది. వచ్చిన పడవ వచ్చినట్టు నేరుగా ఇసుక ఒడ్డుకే వచ్చి ఆగేది. లంగర్లు పగడపు దిబ్బల మీద పడేవి. ఇంజన్ల చప్పుడుకు చేపలు పారిపోయేవి, వంటికి రాసుకున్న సన్‌స్క్రీన్ నీళ్లలో కలిసేది. చివరకు 2018 జూన్‌లో ప్రభుత్వం ఆ బీచ్‌ను మూసేసింది. మొదట నాలుగు నెలలన్నారు. తెరిచింది 2022 జనవరిలో. ఇప్పుడు అక్కడి పద్ధతి చూడండి. పడవ అఖాతంలోకి రాకూడదు. దీవికి వెనక వైపు ఆగాలి. అక్కడి నుంచి చెక్క బాట మీద నడిచి రావాలి. ఒక విడతకు ఇంతమందే అని లెక్క ఉంది. ఈత కొట్టకూడదు. ఏడాదిలో వానాకాలం కొన్ని వారాలు పూర్తిగా మూసేస్తారు. ఆ నీళ్లలోకి నల్లటి రెక్క అంచు సొరచేపలు తిరిగి వచ్చాయి.

సొరచేపలు వచ్చాయని విని మనమంతా సంతోషిస్తాం, సంతోషించాలి కూడా. ఆ మూడున్నరేళ్లు అక్కడ పడవ నడిపే కుర్రాడు ఏం తిన్నాడన్నది కూడా అడగాలి. పడవ వెనక వైపు ఆగాలి, ఇంతమందే రావాలి అనే నియమాలు కనిపెట్టడానికి గొప్ప శాస్త్రం అక్కర్లేదు. పదేళ్ల ముందే పెట్టి ఉంటే ఒక్క రోజు కూడా మూయవలసిన పని పడేది కాదు. అప్పుడు నిర్ణయాలు తీసుకున్నవాళ్లకు తొందర లేదు, ఎందుకంటే నష్టం తమ మీద పడదు. పడింది కుర్రాడి మీద.

ఫిలిప్పీన్స్‌లోని బొరకాయ్‌లోనూ ఇదే జరిగింది. హోటళ్ల మురుగు శుద్ధి కాకుండా సముద్రంలోకి పోతోందని 2018 ఏప్రిల్ 26న దీవినే మూసేశారు. ఆరు నెలలకు, అక్టోబరు 26న తెరిచారు. సముద్రం ఊపిరి పీల్చుకుంది. ఆ ఆరు నెలలూ వేలాదిమంది ఉద్యోగాలు పోయాయి. మురుగు పైపు వేయవలసిన యజమాని ఒకరు, జీతం పోగొట్టుకున్న రూమ్ బాయ్ ఇంకొకరు.

మూడో చోటు పలావు. పసిఫిక్‌లో సుమారు పద్దెనిమిది వేల జనాభా ఉన్న చిన్న దేశం. వాళ్లు మూసేసే దాకా రానివ్వలేదు. 2017 డిసెంబరు నుంచి ఆ దేశంలో అడుగుపెట్టే ప్రతి యాత్రికుడి పాస్‌పోర్టులో ఒక ప్రమాణం ముద్ర వేస్తారు. ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర దాని కింద సంతకం పెట్టాలి. ఆ ప్రమాణం ప్రభుత్వానికి చేసేది కాదు, పలావు పిల్లలకు చేసేది. తయారుచేసేటప్పుడు పిల్లల చెయ్యి కూడా పడింది. పగడాలను చంపే సన్‌స్క్రీన్‌లను 2020 నుంచి నిషేధించారు. సంతకం పెట్టినంత మాత్రాన మనిషి మారిపోతాడా అని అడగవచ్చు. నేను ఆ ముద్రను వేరేగా చూస్తాను. ఈ దేశం ఎవరిదో, ఎవరి కోసం కాపాడుతున్నామో ఆ చిన్న దేశం గేటు దగ్గరే తేల్చి చెప్పింది. మనం ఎప్పుడైనా అలా తేల్చుకున్నామా?

మన సంగతికి వద్దాం. మనకు పది కిలోమీటర్ల లోపే రుషికొండ బీచ్ ఉంది. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీటి నాణ్యత, భద్రత, శుభ్రత వంటి 33 ప్రమాణాలు నిలబెట్టుకుంటేనే ఆ జెండా ఎగురుతుంది. వచ్చినప్పుడు మనమంతా పండగ చేసుకున్నాం. 2025లో నిర్వహణ లోపాల వల్ల ఆ గుర్తింపు కొద్దికాలం పోయింది. తర్వాత శుభ్రం చేసుకుని తిరిగి తెచ్చుకున్నాం. ఇలాంటి గుర్తింపు తెచ్చుకోవడం ఒక రోజు పని, నిలబెట్టుకోవడం ప్రతిరోజూ పని. ఆ ప్రతిరోజూ పని చేసేవాళ్లు లైఫ్‌గార్డులు, పారిశుధ్య కార్మికులు. జెండా ఎగరేసిన రోజు ఫొటోలో వాళ్లు ఎంతమంది ఉన్నారో ఎవరికి వారు గుర్తు చేసుకోండి.

అరకు, బొర్రా గుహల గురించి కొంచెం నిలబడి మాట్లాడాలి. మనలో చాలామంది అమ్మే ప్యాకేజీల్లో సగం అటే వెళ్తాయి. 2017లో కిరండూల్ రైలుకు అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలించాక గిరాకీ ఇంకా పెరిగింది. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. ఇదంతా షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులు కొనడానికి లేదు. బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద సాగిన సమత కేసులో 1997 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ దేశం మొత్తానికి దారి చూపింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదన్నది. వ్యాపారం చేసేవాళ్ల నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు పక్కన పెట్టాలన్నది. గుహలు చూపించి పొట్ట పోసుకునే మనకు ఆ తీర్పు కంఠతా వచ్చి ఉండాలి.

ఇంత చట్టం ఉన్నా బినామీ పేర్ల మీద రిసార్టులు లేస్తున్నాయన్న ఫిర్యాదులు ఆగలేదు. చట్టం మాట అలా ఉంచి వ్యాపారం మాటే ఆలోచిద్దాం. హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబం అరకులో ఏం కోరుకుంటుంది? తమ ఇంట్లో ఉన్నలాంటి ఏసీ గది కోసం రాదు. వెదురు బొంగులో మాంసం కూరి, ఆకు మూత పెట్టి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చే మనిషి కోసం వస్తుంది. కాఫీ పండు కోసి, తొక్క తీసి, గింజ ఎండబెట్టడం ఆ తోట యజమానే చూపిస్తే పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి చూస్తారు. ఈ అనుభవం అమ్మగలిగినవాళ్లు ఆ ఊరి గిరిజన యువతీయువకులే. వాళ్ల ఇంట్లో రెండు గదులు, ఒక శుభ్రమైన మరుగుదొడ్డి, బుకింగ్ చూసుకునే ఒక ఫోను, ఒక్క సీజను పాటు పక్కన ఉండి నేర్పే ఒక టూర్ ఆపరేటర్ ఉంటే చాలు. కేరళలో 2008లో కుమరకం మొదలైన నాలుగు చోట్ల ఈ దారినే పోయారు. హోటళ్లు కూరగాయలు, గుడ్లు ఊళ్లోవాళ్ల దగ్గరే కొనేలా పంచాయతీతో, కుటుంబశ్రీ స్వయం సహాయక సంఘాల మహిళలతో కలిసి ఏర్పాటు చేసుకున్నారు. 2014లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఆ పనికి పురస్కారం ఇచ్చింది. మనవైపు తెలంగాణలో భూదాన్ పోచంపల్లికి 2021లో అదే సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామం గుర్తింపు ఇచ్చింది. అక్కడికి యాత్రికుడిని రప్పించేది కొత్త కట్టడం కాదు. మగ్గం ఉంది, దాని ముందు కూర్చున్న నేతగాడు ఉన్నాడు.

మన ఏజెన్సీ ప్రాంతంలోని లంబసింగి గురించి చెప్పకుండా ఉండలేను. డిసెంబరు, జనవరి నెలల్లో శనివారం రాత్రికి కార్లు బారులు తీరతాయి. మంచు చూసి, చలిమంట వేసుకుని, టీ తాగి, ఆదివారం పొద్దెక్కేసరికి వెళ్లిపోతారు. మిగిలేవి ప్లాస్టిక్ కప్పులు, నీళ్ల సీసాలు, పొలం గట్ల మీద మలమూత్రాలు. చాలినన్ని మరుగుదొడ్లు లేని చోటుకు బస్సుల కొద్దీ జనాన్ని పంపేది మనమే. కూర్చున్న కొమ్మను మనమే నరుక్కుంటున్నాం.

ఇక గోదావరి. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. నది వరదలో ఉన్న రోజు అది. సుస్థిరత అంటే చెట్లు, సీసాలు మాత్రమే అనుకునేవాళ్లకు నేను ఆ రోజును గుర్తు చేస్తాను. వచ్చినవాడు క్షేమంగా ఇంటికి వెళ్లని చోట పర్యాటకం ఎన్నాళ్లు నిలుస్తుంది? "సార్, ఇవాళ నది బాగాలేదు, బోటు తీయకూడదు" అని చెప్పగలిగే ధైర్యం, ఆ మాట అన్నందుకు ఉద్యోగం పోదన్న భరోసా బోటు మీద ఉన్న కుర్రాడికి ఉండాలి. ఆ భరోసా ఇవ్వగలిగింది మన రంగంవాళ్ల సంఘం ఒక్కటే. ఒక్కొక్క యజమాని విడిగా ఇవ్వలేడు, ఎందుకంటే పక్కవాడి బోటు వెళ్లిపోతుంది. అందరూ కలిసి ఒక నియమం మీద నిలబడితే ఎవరి బోటూ కదలదు.

మరి కుర్రాళ్లకు ఏ పని అప్పగించాలి? బ్యానర్ పట్టుకుని బీచ్‌లో చెత్త ఏరడం మంచి పనే, కానీ ఏడాదికోసారి చేసే ఆ పనితో వాళ్లకు వృత్తి రాదు. వాళ్లకు కొలిచే పని ఇవ్వండి. పాటా 2018లో హోటళ్లలో వృథా అయ్యే ఆహారం మీద 'బఫే' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. దాన్ని మన వంటింట్లో రేపే మొదలుపెట్టవచ్చు. మూడు బకెట్లు పెట్టండి. ఒకదాంట్లో తరిగేటప్పుడు పోయేది, రెండోదాంట్లో వండి వడ్డించకుండా మిగిలింది, మూడోదాంట్లో జనం ప్లేట్లలో వదిలేసింది. రాత్రి గిన్నెలు కడగకముందు మూడింటినీ తూచి, గోడ మీది కాగితంలో రాయాలి. ఇదంతా ఒక ఇంటర్న్ చెయ్యగలడు. నెల తిరిగేసరికి ఆ కాగితమే మాట్లాడుతుంది. రెండో బకెట్ బరువుగా ఉంటే వచ్చే జనాన్ని మనం తప్పుగా అంచనా వేస్తున్నామని అర్థం. మూడోది బరువుగా ఉంటే గరిటెలు పెద్దవనో, ప్లేట్లు పెద్దవనో, ఆ గుత్తివంకాయ ఎవరికీ నచ్చడం లేదనో అర్థం. పెళ్లిళ్ల సీజనులో మన బఫేల వెనక పారబోసేది చూసినవాళ్లకు దీని విలువ నేను చెప్పక్కర్లేదు. ఇలా కొలిచిన కుర్రాడు రేపు మేనేజరయ్యాక, కంపోస్టు గుంత ఎందుకని ఎవరినీ అడగడు.

నీళ్లూ అంతే, కరెంటూ అంతే. లంబసింగిలో శనివారం ఎన్ని కార్లు వచ్చాయో, ఎన్ని మరుగుదొడ్లున్నాయో లెక్క తీయమంటే టూరిజం కాలేజీ పిల్లలు రెండు వారాంతాల్లో తీసి చేతిలో పెడతారు. ఆ కాగితం పట్టుకుని కలెక్టరు దగ్గరకు వెళ్లే సంఘానికి ఉండే బలం వేరు.

ఇక్కడ పెద్దలకు ఒక మాట, నొచ్చుకోకండి. మన రంగంలో ఇంటర్న్‌షిప్ పేరుతో జరుగుతున్నది చాలాచోట్ల జీతం లేని చాకిరీ. ఆరు నెలలు బ్యాగులు మోయించి, ప్లేట్లు కడిగించి, ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపుతాం. తర్వాత మంచి పిల్లలెవరూ ఈ రంగంలో నిలబడటం లేదని వాపోతాం. కొవిడ్ రోజుల్లో వదిలి వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాకపోవడానికి కారణాలు వెతకవలసిన పని లేదు. కొండనూ నదినీ పీల్చి పిప్పి చేయకూడదని చెప్పే మనం మనిషిని పీల్చి పిప్పి చేయవచ్చా? స్టైపెండ్ ఇవ్వని చోటును సుస్థిర పర్యాటక కేంద్రమని పిలవడానికి నాకు నోరు రాదు.

వెనక కూర్చున్న అమ్మాయిలకు, అబ్బాయిలకు కూడా చెప్పవలసింది ఉంది. బాబూ, అమ్మా, కుర్చీ ఎవరో ఇచ్చే దాకా ఆగకండి. మీ కాలేజీలో పాటా విద్యార్థి శాఖ లేకపోతే పదిమంది కలిసి అడగండి. ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చిన మీ తోటి విద్యార్థి భాష నేర్చుకోండి. కొండ మీద కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే అవ్వ దగ్గర ఉన్న సమాచారం ఏ బ్రోషర్‌లోనూ దొరకదు. సమత తీర్పు చదవండి. కష్టంగా ఉంటే లా కాలేజీలో ఉన్న స్నేహితుడిని కూర్చోబెట్టి చదివించుకోండి. సెల్ఫీ పాయింట్ ఎక్కడ పెట్టాలని ఎవరైనా మిమ్మల్ని సలహా అడిగితే, మరుగుదొడ్డి ఎక్కడ పెట్టారని ముందు అడగండి.

మన సంఘం పెద్దలను మూడు కోరుతున్నాను. కార్యవర్గంలో ముప్పై ఏళ్ల లోపువారికి రెండు స్థానాలు ఇవ్వండి, ఓటుతో సహా. అందులో ఒకటి ఏజెన్సీ ప్రాంతపు గిరిజన యువతికో యువకుడికో దక్కాలి. సభ్యులైన ప్రతి హోటలూ, ప్రతి ట్రావెల్ కంపెనీ ఇంటర్న్‌లకు స్టైపెండ్ ఇస్తామని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒప్పుకోనివారికి సంఘం లోగో వాడుకునే హక్కు ఉండకూడదు. వచ్చే సీజనుకు ముందే లంబసింగికి, అరకుకు రోజుకు ఎన్ని వాహనాలు పంపవచ్చో మనమే ఒక లెక్క వేసుకుని, ప్రభుత్వం చెప్పకముందే పాటించాలి. వచ్చే నెల కార్యవర్గ సమావేశం ఉందని ఇందాక అధ్యక్షులు చెప్పారు. ఈ మూడింటినీ ఆ రోజు ఎజెండాలో మొదటి అంశంగా పెట్టండి, విద్యార్థులను కూడా ఆ గదిలోకి పిలవండి.